తోలు మీద పల్లం

కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి మాట. కడప బస్సులో నా ఎదురుగా ఒక నడివయసు ఆమె పాత సైకిలు సీటును కింది గొట్టంతో సహా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు అలాంటి మెత్తటి తోలు సీటే కావాలి.

"అమ్మేదానికేనామ్మా ఇది?" అన్నాను.

"లేదప్పా. సైకిలైతే అమ్మేసినా. కొన్నాయన పొట్టి. ఇంత పొడుగు గొట్టం కుదరదని సీటుతో పాటు తీసిచ్చేసినాడు. మా ఇంటాయప్ప శానా పొడుగు. పోయి మూడు నెలలాయ."

సీటు ఒకసారి చూద్దామని చెయ్యి చాచాను. ఆమె ఇచ్చింది. ఏళ్ల తరబడి ఒక్క మనిషే కూర్చున్న తోలు, నడుమ పల్లం పడి ఉంది. అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కి చూశాను.

ఆమె చటుక్కున లాక్కుంది.

"ఒత్తొద్దప్పా! ఆయప్ప కూచున్న గుర్తు చెరిగిపోతాది."

కడప చేరేదాకా ఆమె దాన్ని గొట్టం దగ్గరే పట్టుకుంది. తన చెయ్యి కూడా ఆ తోలు మీద ఆననివ్వలేదు.