ఆకుపచ్చ రంగు వేసిన ఆదివారం

మా బావగారు పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను జర్మనీలో డార్మ్‌స్టాట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే రైల్లో నిలబడి ఉన్నాను. "మీ బావకి ఊపిరి అందలేదురా. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది," అంది. ఏడవలేదు. "కారు అయిపోయిందిగా, ఇంక ఆయనకి పనేముంది," అని ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నానికి మా తెలుగు క్రైస్తవ సహవాసం గ్రూపులో ఆయన ప్రభువు పిలుపు అందుకున్నారని మెసేజ్ వచ్చింది. నాకు మాత్రం అక్క అన్న మాటే ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆయనకి నలభై తొమ్మిదేళ్లు. అందులో పంతొమ్మిది జిండెల్ఫింగెన్‌లో గడిచాయి. కార్లకి సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో, ఆ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెర మీద పరీక్షించే ఉద్యోగం. ఊరు ఊరంతా కార్లు తయారుచేసేవాళ్లే. ఆ ఉద్యోగంలో ఆయన చేతికి మాత్రం ఏనాడూ గ్రీజు అంటలేదు. వాళ్ల నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టేవారు. కొడుకు షెడ్డు గుమ్మం తొక్కితే సుత్తి కింద పెట్టేసి, "ఫో, పోయి చదువుకో," అనేవారట. ఇది బావగారు నవ్వుతూ చెప్పేవారు. కానీ ఎన్నిసార్లు చెప్పినా అక్కడే ఆపేసేవారు.

తొమ్మిదేళ్ల కిందట ఒక రైతు కొట్టంలో పడి ఉన్న పాత అమెరికన్ కారు కొన్నారు. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. మజిల్ కారు అంటారే, ఆ రకం. అడుగు రేకు పూర్తిగా తుప్పు పట్టి, లోపల కూర్చుంటే కాళ్ల కింద నేల కనిపించేది. వర్క్‌షాపుకి ఇవ్వొచ్చు కదా అంటే, "వాళ్లు చేస్తే వాళ్ల కారు. నేను చేసుకుంటేనే నాది," అన్నారు.

దీనికి ఎంతైందని అందరూ అడుగుతారు. అందరూ అడిగేది డబ్బు గురించే. అక్క డబ్బు లెక్క ఎప్పుడో వదిలేసింది. అది అడగడానికి తీరికే లేకుండా పోయింది, ఎందుకంటే ముందు ఆదివారాలు పోయాయి, తర్వాత సెలవులు, ఆ తర్వాత మనిషి.

ఇలా రాస్తున్నానని ఆయన నాకేమీ చేయలేదనుకోకండి. చదువుకోవడానికి నేను డార్మ్‌స్టాట్‌లో దిగిన రోజున అద్దె వ్యానులో పరుపు, కుక్కరు, నాలుగు గిన్నెలు వేసుకొని వచ్చారు. చిరునామా నమోదు చేయించే ఆన్‌మెల్డుంగ్‌కి నాతోపాటు గంటన్నర నిలబడి, నా బదులు తనే జర్మన్ మాట్లాడారు. మొదటి సెమిస్టర్‌లో రెండు పరీక్షలు పోయి, ఎవరికీ మొహం చూపించలేక వాళ్లింటికి వెళితే, ఏమీ అడగకుండా గ్యారేజీకి తీసుకెళ్లారు. కారులో అప్పటికి సీట్లు లేవు. ఒక ప్లాస్టిక్ పెట్టె వేసి, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు. ఆయన కింద పడుకొని ఏదో విప్పుకుంటున్నారు. రెండు గంటలు అలా ఊరికే కూర్చున్నాను. లేచేటప్పటికి మళ్లీ పరీక్ష రాయొచ్చనిపించింది.

విప్పిన ప్రతి బోల్టునీ ఖాళీ పచ్చడి సీసాల్లో దాచి, కాగితం అంటించేవారు. కాగితాల మీద గుండ్రటి తెలుగు అక్షరాలు: "ఎడమ తలుపు, పై కీలు", "డిక్కీ తాళం, జాగ్రత్త". ఎన్నిసార్లు కడిగినా ఆ సీసాల్లో గోంగూర వాసన పోలేదు. పని అయ్యాక పంచదార, గిన్నెల సబ్బు కలిపి చేతులు రుద్దుకొని, గోళ్ల సందులు అక్కకి చూపించేవారు. ఇంకా ఎన్నాళ్లని అడిగితే, "ఇంకో రెండు ఆదివారాలు," అనేవారు. తొమ్మిదేళ్లూ అదే జవాబు.

కారు కొన్నప్పుడు మా మేనకోడలికి ఐదేళ్లు. ఇంట్లో తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్ల. డాడీ వస్తాడా అని మాత్రం అమ్మని తెలుగులోనే అడిగేది. దాని వయొలిన్ కచేరీకి ఆయన ఒకసారి చివరి చప్పట్ల వేళకి వచ్చి, గోడవార నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. పిల్ల ఆయన వైపు చూడలేదు. మరుసటి ఏడాది నుంచి పిలవలేదు.

రేకులు అతికించడం అయ్యాక రంగుల పని మొదలైంది. తలుపులూ బోనెట్టూ విడిగా తీసి గ్యారేజీలోనే స్ప్రేతో రంగు కొట్టేవారు. ఆ రంగులో కలిపే గట్టిపడే మందు ఆవిరి ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. బయటి గాలి గొట్టంతో అందే ముసుగు వేసుకోవాలి. ఆయన దగ్గరున్నది మామూలు మాస్కు, దాని ఫిల్టర్లు కూడా ఏనాడో కొన్నవి. దగ్గు వచ్చింది. తగ్గలేదు. మూడు నెలలు ఆగితే ఊపిరితిత్తుల డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది. పరీక్షలన్నీ చేసి డాక్టరు ఒక్క మాట చెప్పాడట: మీ ఒంటికి ఆ మందు ఇక పడదు, మళ్లీ ఒక్కసారి పీల్చినా ప్రాణం మీదకి వస్తుంది.

ఏడాదిపాటు కారు బూడిదరంగు మొదటి పూతతో అలాగే ఉండిపోయింది. రంగు వేసే షాపువాడు వచ్చే వేసవి దాకా కుదరదన్నాడు. సరేనన్నారు. ఇక పట్టుదల తగ్గిందని మేమంతా అనుకున్నాం.

కిందటి అక్టోబరులో ఒక శనివారం ఫోన్ చేసి, "రేపు రా, కాస్త సాయం కావాలి," అన్నారు. ఆదివారం అక్కా పిల్లా సహవాసానికి వెళ్లారు. షాపువాడు ముందుగానే ఒప్పుకున్నాడని, కారు అక్కడికి పంపుతున్నానని అక్కకి చెప్పారట. నేను వెళ్లేసరికి గ్యారేజీలో ప్లాస్టిక్ తెరలు కట్టి, దుమ్ము లేవకుండా నేల తడిపి ఉంది. రంగు కలిపి సిద్ధంగా పెట్టుకున్నారు.

"బావగారూ, డాక్టర్ వద్దన్నాడుగా. నేను కొడతాను, మీరు బయట నిలబడి చెప్పండి," అన్నాను.

"నీ చేతికి అలవాటు లేదురా. రంగు కారిపోతుంది."

"కారితే కారనివ్వండి. లేకపోతే అక్కకి చెప్తాను."

ఆయన కోప్పడలేదు. కొత్త ఫిల్టర్లు తెచ్చుకున్నానని చూపించారు. "చెప్పు. సాయంత్రం చెప్పు. ఈలోపు ఇది అయిపోతుంది," అని మాస్కు పెట్టుకున్నారు.

నేను తలుపు మూసి బయట నిలబడ్డాను. మనిషిని లాక్కొచ్చేయొచ్చు. ఫోన్ జేబులోనే ఉంది. ఏదీ చేయలేదు. ఆ కారు పూర్తవడం చూడాలని నాకూ ఉంది. ఈ మాట రాయడానికే ఇదంతా మొదలుపెట్టానేమో.

ఆయన బయటికి వచ్చాక బోర్లించిన బకెట్టు మీద కూర్చొని ఇన్‌హేలర్ నాలుగుసార్లు పీల్చారు. పెదాలు నల్లబడ్డాయి. "పోయి చూడు," అన్నారు. చూశాను. వాన పడ్డాక మామిడాకు మెరిసినట్టున్న ముదురు ఆకుపచ్చ. అంత అందమైన పని ఆయన చేతి మీదుగా అయిందంటే నమ్మబుద్ధి కాలేదు. సాయంత్రం నేను అక్కకి చెప్పలేదు.

ఆరు వారాల్లో రెండుసార్లు ఆసుపత్రి. మధ్యలో ఒక రోజు ఇంజను స్టార్ట్ చేసి, గ్యారేజీల ముందున్న ఖాళీ స్థలంలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిపారు. నంబరు ప్లేటు రాలేదు కాబట్టి రోడ్డెక్కలేదు. తొమ్మిదేళ్లకి ఆయన నడిపింది ఆ ముప్ఫై అడుగులే. మూడోసారి ఆసుపత్రి దాకా వెళ్లలేదు.

జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడిన పెద్దమనిషి ఆయన పట్టుదలని పిల్లలు నేర్చుకోవాలన్నారు. అక్క లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లి, ఇక దాచలేక ఆ ఆదివారం సంగతంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ప్లేట్లు తుడుస్తూనే వింది.

"నాకు తెలుసురా," అంది. "ఆ రాత్రే ఆయన చెవి వెనక ఆకుపచ్చ మరక చూశాను. ఊరుకున్నాను. పోనీలే, ఇవాళ్టితో అయిపోయింది, రేపటి నుంచి మా మనిషి మాకుంటాడు అనుకున్నాను."

ఏప్రిల్‌లో కారు కొనడానికి ఒకాయన ట్రెయిలర్‌తో వచ్చాడు. మర్యాదస్తుడు. కింద పడుకొని చూసి, రేకు పని చాలా శ్రద్ధగా చేశారన్నాడు. తర్వాత బోనెట్టు మీద వేలితో రాసి చూసి, ఈ ఆకుపచ్చ అసలు రంగు కాదు, మొత్తం గీకించేసి మొదట్లో ఉన్న రంగు వేయిస్తానని తనలో తను అనుకున్నట్టే జర్మన్‌లో చెప్పాడు.

పద్నాలుగేళ్ల మా మేనకోడలు వెంటనే తల్లి వైపు తిరిగి, "అమ్మా, డాడీ వేసిన కలర్ చాలా బాగుందంట. అలాగే ఉంచుకుంటాడంట," అంది. దాని నోట అంత పొడుగు తెలుగు నేను ఎప్పుడూ వినలేదు.

అక్క పదేళ్లుగా కీటాలో, అంటే పసిపిల్లల బడిలో, జర్మన్ పిల్లల్ని చూసుకుంటోంది. మా అందరిలోకీ బాగా జర్మన్ వచ్చింది అక్కకే. పిల్ల మొహంలోకి చూసి, "అవునా, మంచిది," అంది.

ట్రెయిలర్ మెల్లగా కదిలింది. పిల్ల దాని పక్కనే నడిచింది, ఆకుపచ్చ రేకు మీద అరచెయ్యి ఆనించి. బండి వేగం అందుకునే కొద్దీ అడుగులు పెద్దవి చేసింది, తర్వాత పరిగెత్తింది. మలుపు దగ్గర చెయ్యి జారింది. గాల్లో అలాగే చాచి ఉంచిన చెయ్యితో, బండి కనుమరుగైన చాలాసేపటి దాకా అక్కడే నిలబడింది.