వంటింటి దాకా పాట

పాలకుర్తిలో కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టే మా బావ సోమనర్సయ్య ఊరుకునే రకం కాదు. నడిచే వస్తువును విప్పి చూస్తాడు, నడవనిదాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. బావను వెక్కిరించే హక్కు బామ్మర్దిగా నాకుంది, వదులుకోను.

మా అక్క వసంత పాటల మనిషి. వాడకట్టులో బతుకమ్మ ఆడితే పాట ఎత్తుకునేది ఆమే. ఈమధ్య చెవులు మందగించాయి. చప్పుడు తెలుస్తుంది, మాటలు తెలియవు. డాక్టర్ ఇచ్చిన మిషన్ చెవిలో గీ పెడుతోందని బియ్యం డబ్బాలో పడేసింది. వినబడని పాట పాడేదెట్లా అని పాడటమే మానేసింది. అది బావ తట్టుకోలేకపోయాడు.

మొదట చవక హోం థియేటర్ కొన్నాడు. కిటికీలు అదిరిపోయాయి.

"పాట ఎట్లున్నదే?" అని అరిచాడు.

"పిండి గిర్నీ లెక్కున్నది," అంది అక్క.

అప్పుడు బావ కన్ను పెద్దవంగరలో మైకులు కిరాయికిచ్చే జైసింగ్ మూలన పడేసిన పాత సెట్టు మీద పడింది.

"డీజేలొచ్చినంక దీన్ని చావులకు తప్ప ఎవ్వలు అడుగుతలేరన్నా, తీస్కపో," అన్నాడు జైసింగ్.

క్యాసెట్ పెట్టె ఉన్న ఆంప్లిఫయరూ, లౌడ్‌స్పీకర్ గొట్టమూ ఆటోలో దిగాయి. బావ ఉబ్బిన కండెన్సర్లు పీకి కొత్తవి అతికించాడు. దుబదుబలు కొత్త హోం థియేటర్ డబ్బాకు, మాటలు పాత గొట్టానికి పోయేలా తీగలు విడదీశాడు. గోల తగ్గాలని గొట్టం గొంతులో నా లుంగీ ముక్క కుక్కాడు. నన్ను అడగనేలేదు.

"మాటకు గొట్టమే మొనగాడు బామ్మర్దీ. ఊరవతలోనికి గూడ ముక్క ముక్క తెలుస్తది," అన్నాడు.

గొట్టాన్ని వంటింటి వైపు తిప్పి, లోపలున్న క్యాసెట్ ఏదో చూడకుండా మీట నొక్కాడు. అవి చావింటి తత్వాలు! మా దగ్గర ఒక ఇంట్లోంచి మైకులో తత్వం వినబడితే ఇక అడిగేదేం ఉండదు, ఎక్కడి పని అక్కడ ఆపి వచ్చేస్తారు.

ఎదురింటి ఎల్లక్క కొంగు నోట్లో కుక్కుకుని ఉరికొచ్చింది. "అయ్యో వసంతా! పొద్దుగాలనే గద మాట్లాడినవ్!" ఆమె వెనక వాడంతా దిగింది. ఒకాయన కట్టెలు ఎక్కడ దొరుకుతాయో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. బావ మీటతో కుస్తీ పడుతున్నాడు. అది ఇరుక్కుపోయింది.

అంతలో వంటింట్లోంచి అక్క గంటె పట్టుకుని వచ్చింది. జనాన్ని చూడనే లేదు.

"నీకు బుద్ధున్నదా? పొయ్యి మీద కూర ఉడుకుతాంటె పాడె మీది పాట పెడ్తవా? గా పాడెటోడు గూడ రెండో చరణంల మాట మింగిండు!"

ఎల్లక్క ఏడుపు ఆపి తిట్లు అందుకుంది. వాడంతా తలా ఒకటి అంది. అక్కకు మాట వినబడిందన్న ఆనందంలో బావకు ఒక్కటీ ఎక్కలేదు. కళ్లు తుడుచుకుంటూ అక్క దగ్గరికి పోయాడు.

"మింగింది ఏందో నువ్వు పాడు," అని గట్టిగా అన్నాడు.

అక్క గంటె దించి, గొట్టం వైపు చెవి పెట్టి, ఆ చరణాన్ని అందుకుని పాడింది. తిట్టడానికి నిలబడ్డ వాళ్లు వినడానికి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. లుంగీ సంగతి ఇంక ఎత్తలేదు.