అప్పన్న పడవను వదిలేయలేదు

ఐదో తరగతితో బడి మానేసి, డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్న ధర్మవరం వాణ్ణి నేను. "మగ్గం నేసేవాడికి ఇంగ్లీషెందుకు?" అని నలభై ఏళ్ల కిందట ఒక గుమాస్తా నవ్విన నవ్వు నాకింకా గుర్తే.

మొన్న పని మీద విశాఖ వెళ్లి, చేపలరేవులో ఒక ఆఫీసు బయట ఇంగ్లీషు పేపరు చదువుతుంటే, అప్పన్న అనే మత్స్యకారుడు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. గాలివానకు కొట్టుకుపోయిన అతని పడవ వేరే ఊరి ఒడ్డున దొరికింది. సంతకం పెట్టి తీసుకెళ్లమన్నారట. కాగితంలో మాత్రం 'అబాండన్డ్' అని ఉంది.

"నువ్వే వదిలేశావని రాశారప్పా. సంతకం పెడితే పడవ మీద నీ హక్కు పోతుంది" అన్నాను.

"ఒగ్గీడమేటి బాబూ! మాయమ్మ పేరెట్టి, పసుపు రాసి నీట్లోకి దింపినాం. కన్నతల్లిని ఎవుడైనా ఒగ్గేత్తాడా? తాడు తెగిపోనాది!"

పడవకు తల్లి పేరు పెడతారని సముద్రమెరగని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరం లోపలికెళ్లి, పడవను వదిలేయలేదు, పోగొట్టుకున్నాడని చెప్పాం.

"రెండూ ఒకటేలే పెద్దాయనా" అన్నాడు అక్కడి గుమాస్తా.

"అయితే 'లాస్ట్' అని మార్చు. పోగొట్టుకున్నవాడికి తిరిగిస్తారు. వదిలేసినవాడికి ఎవరిస్తారు?"

నా కేకకు లోపలి గది నుంచి అధికారి వచ్చాడు. కాగితం చదివి, ఆ మాట కొట్టేసి, 'లాస్ట్' అని తన చేత్తోనే రాశాడు.

మర్నాడు పడవ రేవు చేరింది. "మాయమ్మని తెచ్చిచ్చినారు బాబూ" అంటూ అప్పన్న కొబ్బరికాయ నా చేతికిచ్చాడు. నలభై ఏళ్ల కిందటి ఆ గుమాస్తాకు వినబడేంత గట్టిగా కొట్టాను.