కూర్చుని చెప్పాల్సిన మాట

ఈ ఉదయం వార్డులో కొత్తగా చేరిన ముసలావిడ మంచం పక్కన, ఇనప బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టాను. టక్కుమని చప్పుడైంది. రోజూ వినే చప్పుడే. అయినా ఒక్కోసారి అది విన్నాక నా చెయ్యి గ్లాసు మీదే ఉండిపోతుంది. నర్సులు కూర్చునే చోట గోడకు మా డిప్లొమాలు అద్దాలు కట్టించి తగిలించారు. అందులో నాదీ ఉంది. ఏ కాలేజీ గడపా తొక్కకుండా, ఇన్నేళ్లు చేసిన పనినే చదువుగా లెక్కగట్టి యూనివర్సిటీ వాళ్లు ఇచ్చిన డిప్లొమా. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. నేను మాత్రం అటు చూడకుండానే నడిచిపోతాను. నాకంటే ముందు ఆ గోడ మీదికి ఎక్కాల్సిన పేరు ఒకటుంది, అది ఎక్కలేదు.

ఆమె పేరు సింహాచలం. నేను అత్తా అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు, ఇద్దరి ఇళ్లూ పూరీ గేట్ దగ్గర, అంతే. మా తాతలు, వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయినవాళ్లు. మలంచా రోడ్డు మీది ఈ నర్సింగ్ హోమ్‌లో ఆమె ఆయా. బెడ్‌పాన్ తియ్యడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం ఆమె పని. జీతం లేని పని ఇంకొకటి ఉండేది. మా పెద్దవాళ్లకు బజారు బెంగాలీ, డ్యూటీ హిందీ బాగానే వచ్చు. కానీ జబ్బుపడి మంచమెక్కితే అవన్నీ ఎటు పోతాయో, తెలుగొక్కటే మిగులుతుంది. డాక్టరు వచ్చి బెంగాలీలో నాలుగు ముక్కలు చెప్పి, "మాసీ, బుఝియే దిన్" అనేవాడు, ఆమెకు నువ్వే విడమరిచి చెప్పమని. అని వెళ్లిపోయేవాడు. మంచి కబురైనా చెడ్డ కబురైనా రోగి దాకా మోసుకెళ్లేది అత్తే. ఇంజనీరింగ్ చదువుకి వచ్చిన తెలుగు పిల్లలు జ్వరంతో చేరితే, హైదరాబాదు నుంచి పరిగెత్తుకొచ్చిన వాళ్ల అమ్మలకు కూడా ఆమే దిక్కు.

నేనూ ఆయాగా పనిలో చేరిన కొత్తలో ఒకావిడకు గర్భసంచి తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. అత్త కనబడలేదు. ఇందులో ఏముందిలే అని నేనే వెళ్లి మంచం కాళ్ల దగ్గర నిలబడి చెప్పేశాను. ఆవిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఆ సంగతి తెలిసి అత్త నన్ను వరండాలోకి లాక్కెళ్లింది.

"నిలబడి సెప్పినావేటే? నిలబడి సెప్తే, ఎల్లిపోడానికే వచ్చినావని ఆయమ్మకి తెలిసిపోదేటి?"

"మరెలగ సెప్పాలత్తా?"

"ముందు మంచినీల్లు సేతికందేలాగ పెట్టు. స్టూలు లాక్కోని కూసో. తిన్నావా అని అడుగు. అప్పుడు డాక్టరు బాబు ఏటన్నాడో అదంతా సెప్పు, ముక్క దాసకు. సెప్పేసి బేగి లెగిసిపోకు."

నాకు చిన్నతనంగా అనిపించి రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె పట్టించుకోలేదు. మెత్తని మనిషి కాదు ఆమె. రోగుల బంధువులు గొడవ చేస్తే గేటు దాకా తరిమేది. కానీ ఈ నీళ్లు, స్టూలు దగ్గర ఆమెకు ఎందుకంత పట్టుదలో నాకు చాన్నాళ్ల తర్వాత తెలిసింది. ఉతికిన దుప్పట్లు ఇద్దరం చెరో అంచూ పట్టుకుని మడతపెడుతున్నప్పుడు తనే చెప్పింది.

ఝపటాపూర్ నుంచి ఒక రిటైరైన ఫిట్టరు వచ్చాడట, కాలేయం పూర్తిగా పోయి. ఇక ఎక్కువ రోజులు లేవు, పిలవాల్సిన వాళ్లుంటే పిలుచుకోమను అన్నాడు డాక్టరు. అత్త వెళ్లి ఆయన ముఖం చూసింది. తగ్గిపోతుంది బాబూ, కొన్ని రోజుల్లో ఇంటికెళ్లిపోతావు అని చెప్పింది. ఆయనకు ఒక్కడే తమ్ముడు. ఏదో గొడవతో మాటల్లేవు. "అయితే ఇంటికెల్నాక నానే ఆడి దగ్గరకెల్తాను. ఇలగ పడుకోని పిలిస్తే బాగోదు" అన్నాడట ఆయన. ఆ వారం దాటలేదు. శవం దగ్గరికి వచ్చిన తమ్ముడు అత్తను ఒకే మాట అడిగాడు, చచ్చిపోతానని మా అన్నకి తెలుసా అని.

"తెలవదని సెప్పినాను. తెలిస్తే పిలిసేవోడు కదే. నాను మంచి సేసినాననుకున్నాను," అంది అత్త. దుప్పటి మడత నా చేతిలో పెట్టి, "ఆ తమ్ముడు నన్నొక్క మాట అన్నేదు. తిట్టినా బాగుణ్ను," అంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు నర్సింగ్ హోమ్ చేతులు మారింది. సర్టిఫికెట్ లేనివాళ్లు వార్డులో ఉండకూడదు, కింద లాండ్రీకి వెళ్లాలి అన్నారు. జీతంలో పెద్ద తేడా లేదు. కానీ లాండ్రీలో రోగి ముఖం కనబడదు, అత్త బెంగ అంతా అదే. ఆ ఫిట్టరు తర్వాత ఏ ఒక్కరికీ అలా జరగనివ్వకూడదని ఆమె ఆ వార్డును పట్టుకుని ఉంది. అప్పుడే ఈ యూనివర్సిటీ సంగతి తెలిసింది. చేసిన పనంతా రాసివ్వాలి, ఆనక ముగ్గురు పెద్దలు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు, నచ్చితే డిప్లొమా ఇస్తారు. పదో తరగతి దాకా చదివినదాన్ని కనుక ఇద్దరివీ నేనే రాశాను. చదివి వినిపిస్తే, "నా బతుకంతా ఇంతేనేటే?" అని నవ్వింది.

ప్రశ్నలకు మేదినీపూర్ రమ్మన్నారు. అత్త గంజి పెట్టిన నేత చీర కట్టుకుని లోకల్ రైల్లో నా పక్కన బిగుసుకుని కూర్చుంది. అక్కడ ముందు ఆమెనే పిలిచారు. తలుపు ఓరగా వేసి ఉండటంతో బయటికి అంతా వినబడుతోంది. మీ పనిలో జరిగిన ఒక పొరపాటు చెప్పండి అని బెంగాలీలో అడిగారు. ఏదో ఒకటి చెప్పి గట్టెక్కొచ్చు. మందు వేళ దాటిందనో, గ్లాసు పగిలిందనో. అత్త ఝపటాపూర్ మనిషి కథ చెప్పింది. రోగికి చెప్పినట్టే, ముక్క దాచకుండా చెప్పింది. డాక్టరు చెప్పిన మాటను మీరు మార్చారా అని ఒకాయన రెట్టించి అడిగాడు. మార్చాను అంది. ఆ తర్వాత ఎలా మారారు అని వాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు.

తర్వాత నేను వెళ్లాను. చెడ్డ కబురు రోగికి ఎలా చెప్తారు అని నన్నడిగారు. నీళ్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. వాళ్ల ముఖాలు వికసించాయి. ఇది ఎక్కడ నేర్చుకున్నారు అన్నారు. "ఇప్పుడే బయటికి వెళ్లినావిడ దగ్గర," అన్నాను. పెన్నులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ రాసుకున్నారు.

తిరుగు బండిలో ఉండబట్టలేక, "అదెందుకు సెప్పినావత్తా?" అన్నాను.

"పొరపాటేటని అడిగినారు. నాకు గేపకమొచ్చేది అదొక్కటే," అంది కిటికీ లోంచి చూస్తూ.

ఆమెకు డిప్లొమా రాలేదు. వైద్యుడి మాటను మార్చి చెప్పడం వృత్తికి విరుద్ధం అని కారణం రాశారు. నా కాగితంలో రోగులతో మాట్లాడే పద్ధతిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఒకే మనిషి చేసిన తప్పు ఆమెకు ఫెయిలు, నాకు పాసు అయింది. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ చూడమని రాసి పంపాను, జవాబు రాలేదు. అత్త లాండ్రీకి దిగిపోయింది. పైన తెలుగువాళ్లు ఎవరైనా చేరితే, చెప్పలేని కబురైతే, నేను మెట్లు దిగి ఆవిర్ల మధ్య నిలబడేదాన్ని. "డిప్లొమా నీకుంటే నన్నడుగుతావేటి?" అని వెక్కిరించేది. ఆ వెంటనే చేతులు తుడుచుకుని చెప్పేది. రానురాను ఆ వెక్కిరింత తగ్గింది. గొంతు సన్నబడింది. అలిసిపోతోందనుకున్నాను.

ఒకరోజు ఆమెను రోగిగా పైకి తెచ్చారు. కడుపులో క్యాన్సర్, అప్పటికే అంతటా పాకిపోయింది. డాక్టరు మంచం దగ్గరే బెంగాలీలో చెప్పి, నా వైపు తిరిగి, "దీదీ, బుఝియే దిన్" అని వెళ్లిపోయాడు. అత్తకు బెంగాలీ నాకంటే బాగా వచ్చు.

"ఇన్నాను గానీ, నువ్వు తెలుగులో సెప్పు," అంది.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. తిన్నావా అత్తా అని అడిగాను. అంతా చెప్పాను. ఎన్నాళ్లన్నాడో చెప్పాను, మందులు పనిచెయ్యవన్నాడని చెప్పాను, పిలవాల్సిన వాళ్లుంటే పిలుచుకోమన్నాడని చెప్పాను. లేవలేదు. ఆమె నా ముఖమే చూస్తూ విన్నది. నోరు తడారిపోయి పెదవులు తడుపుకుంది.

"బాగానే సెప్పినావు," అంది. "మంచినీల్లు మర్సిపోయినావు."

నేను నీళ్లు తెచ్చేలోగా కళ్లు తుడుచుకుంది. రెండు గుక్కలు తాగి, "సీపురుపల్లిలో మా సెల్లెలున్నాది. మాకు మాటల్నేవు. ఫోన్ సేసి రమ్మను," అంది. నాకు ఆ చెల్లెలి సంగతే తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. ఆవిడ వెంటనే బండెక్కి వచ్చింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు, నేను తలుపు వేసి బయటికి వచ్చేశాను. అత్త పోయినప్పుడు చెల్లెలి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది.

ఆ కొంత కాలం వాళ్లిద్దరికీ నా నోటి మాట వల్లే దొరికిందని నన్ను నేను ఓదార్చుకుంటాను. ఓదార్పు సగమే దొరుకుతుంది. ఆ మాట చెప్పడం నేర్పిన మనిషి చివరి రోజులు సబ్బు నీళ్లలో గడిచాయి. నేను ఆమె దగ్గర ఒక్క మంచినీళ్ల విషయంలో తప్పాను, గోడ మీది నా డిప్లొమాలో ఆ సంగతి ఎక్కడా లేదు.

ఈ ఉదయం చేరిన ముసలావిడ గురించి డాక్టరు ఇందాకే చెప్పి వెళ్లాడు. ఆవిడ కళ్లు నా మీదే ఉన్నాయి. గ్లాసును ఆమె చేతికందేలా కాస్త ముందుకు జరిపాను. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"తిన్నావేటమ్మా?" అని అడిగాను.