ఫ్లాష్ వేయని ఒక్క ఫొటో

ఆళ్లగడ్డ ఫొటోగ్రాఫర్ ఓబులేసన్న దివంగతుడైనాడన్న వార్త నంద్యాలలో నేను పాఠం చెప్పే బడికి ఫోనులో వచ్చింది. చేతిలోని సుద్దముక్క పక్కన పెట్టి పాఠం ఆపేశాను. మూడు రోజుల క్రితమే ఆయన గొంతు విన్నాను. "ఏందమ్మా, నా ఫొటో మళ్లా తీస్తానంటివి, కెమెరాకు బూజు పట్టిస్తాండావా?" అని ఎగతాళి చేశారు. వచ్చే ఆదివారం వస్తానన్నాను. ఆ ఆదివారం ఆయనకు రాలేదు.

తొంభైలలో మా చర్చి పెళ్లిళ్లు సైతం ఆయన తీసినవే. డిజిటల్ వచ్చాక తోటివాళ్లు విసుక్కుంటుంటే, ఆయన యాభై దాటిన వయసులో చిన్న కెమెరా కొని, అందులోని ఫ్లాష్ గుర్తులన్నీ విద్యార్థిలా అభ్యసించారు.

ఆ అభ్యాసం మొదట్లో ఒక పెళ్లిలో పరాభవమే మిగిల్చింది. కళ్లు ఎర్రగా పడకుండా ఉండే ఫ్లాష్ పెట్టారు. అది ముందొక చిన్న మెరుపు వేసి, ఆగి, అసలు మెరుపు వేస్తుంది. మెరిసిందంటే ఫొటో అయిపోయిందని మావాళ్ల నమ్మకం. మొదటి మెరుపుకే వియ్యంకులు లేచి భోజనాలకు నడిచారు. రీలు రోజుల అలవాటుతో ఆయన కెమెరా వెనక తెర చూసుకోలేదు. ఇంటికెళ్లి చూస్తే అన్నీ వీపులే! ఆ తర్వాత ప్రతి పెళ్లిలోనూ, "రెండో మెరుపు దాకా ఎవురూ లేయొద్దప్పా, లేసినోళ్లకు కూడు లేదు" అని అరిచి మరీ తీసేవారు. తన పొరపాటును తానే చెప్పి నవ్వించిన నిగర్వి.

మా నాయన మంచం పట్టినప్పుడు నేనూ అలాంటి కెమెరా కొన్నాను. నాయనకు అంతవరకు ఒక్క మంచి ఫొటో లేదు. నేను ఫ్లాష్ వేసి తీస్తే ముఖం సున్నం కొట్టినట్టు, కళ్లద్దాల్లో రెండు తెల్లమచ్చలు. సంగతి చెప్పగానే ఓబులేసన్న మరునాడే బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. ఫ్లాష్ ఆపేసి, మంచం కిటికీ దగ్గరికి జరిపించారు. "పెద్దాయనా, కెమెరా కదలకుండా నీ బైబిలు మీద పెట్టుకుంటా, కోపం లేదు గదా?" అని అడిగారు. నాయన నవ్వారు. ఆ నవ్వే ఇప్పుడు మా గోడ మీద ఉంది. "వెలుగు సాలదని మొగాన కొట్టగూడదమ్మా. మనిషినే వెలుగుకాడికి తీస్కపోవాల" అన్నారు ఓబులేసన్న.

వెళ్లబోతుంటే గడపలో నిలబెట్టి ఆయన్ని తీశాను. వెనక ఎండ మండుతోంది. ఫ్లాష్ ఆపడమే పరమవిద్య అనుకున్న నేను ఆపే ఉంచాను. ముఖం బొగ్గులా పడింది. ఆయన పకపకా నవ్వారు. "వీపున ఎండ ఉంటే పగలైనా ఫ్లాష్ కావాల తల్లీ. ఆ మెరుపు గుర్తు నొక్కి మళ్లా తీయి." అంతలో ఇంటి ముందుకే ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. "నేన్యాడికి పోతా, ఇంగోసారి తీద్దువులే" అంటూ ఎక్కేశారు.

ఎందరి ముఖాలో తీసిన మనిషికి సొంత ఇంట్లో తన ఫొటో లేదు. పెద్దకర్మకు నేను తీసిన ఆ నల్లటి ఫొటోనే దిక్కయింది. ల్యాబులో ముఖం తెల్లగా చేయించి, అసలుదాంతో పాటు తీసుకెళ్లాను. ఆయన భార్య లక్ష్మమ్మక్క తెల్లగా చేయించింది చూసి తల అడ్డంగా ఊపింది. "ఈయప్పెవురో నాకు తెలీదు. నువ్వు తీసిందే పెట్టు. సంచీ మోసి మోసి వంగిన ఆ బుజం మా ఆయనదే."

ముఖం కనబడని ఆ పటానికే దండ వేసి నమస్కరించాను. అంతటి గురువు మా సీమకు మళ్లీ దొరకడు. ఏడుపు ఆగలేదు. ఆ మెరుపు గుర్తు నొక్కడానికి ఒక్క క్షణం చాలు. బస్సును ఒక్క నిమిషం ఆపమని నేను అడగలేదన్నా.