మా ఇంట్లో తుపాకీ ఉన్న నలభై రోజులు

నమ్మితే నమ్మండి, లేకపోతే ఓపిగ్గా వినేసి ఇంటికెళ్లి నవ్వుకోండి. నేను తుపాకీ కొన్నది నిజం. కావాలంటే రసీదు బీరువాలో ఉంది. ఆ తరవాత జరిగిందీ అంతే నిజం. మా చెరువు మీద ఒట్టేసి చెబుతున్నాను. రొయ్యల రైతు చెరువు మీద ఊరికే ఒట్టెయ్యడు.

మాది భీమవరం అవతల... ఊరి పేరు వద్దులెండి. ఊరికి కిలోమీటరున్నర దూరంలో, గట్టు మీదే ఇల్లు కట్టుకున్నాం. నేనూ, మా ఆవిడ సుభద్రా. చుట్టూ చెరువులు. రాత్రింబవళ్లు నీళ్లని చిలికే ఏరియేటర్ల హోరు. ఆ హోరు ఉంటేనే మాకు నిద్ర పడుతుంది. ఆగిందంటే కరెంటు పోయినట్టు. వెంటనే జనరేటర్ వెయ్యకపోతే నీళ్లలో గాలి అందక రొయ్య తేలిపోతుంది. తెల్లారేసరికి పంటంతా చచ్చి గట్టున పడి ఉంటుంది.

కిందటేడు మాకు రెండు గట్ల అవతల ఇంట్లో దొంగలు పడ్డారు. ఇంటాయన పెద్దవాడు. మంచానికి కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, బంగారం పట్టుకుపోయారు. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్లీ ఆ ఇంట్లో పడుకోలేదు. ఆ రోజు నుంచి సుభద్రకి నిద్ర లేదు. ఆవిడకి లేకపోతే నాకెక్కడిది?

"తుపాకీ కొనండి" అంది ఓ రోజు అన్నం వడ్డిస్తూ.

"ఉన్న తలనొప్పులు చాలవా?"

"ఆ పెద్దాయన కూడా అలాగే అనుకునుంటారు" అంది. మర్నాడే లైసెన్సుకి అర్జీ పెట్టాను.

లైసెన్సు కోసం తిరిగిన తిరుగుడు చెప్పడం మొదలెడితే ఇక్కడే తెల్లారిపోతుంది. స్టేషనూ, కలెక్టరాఫీసూ, మళ్లీ స్టేషనూ. ఏడాది దగ్గర పట్టింది. "తుపాకీ ఎందుకండీ?" అని అడిగిన ప్రతివాళ్లకీ ఆ పెద్దాయన కథ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. కాగితం చేతికొచ్చేసరికి దొంగల భయం పోయి మోకాళ్ల నొప్పులు మిగిలాయి.

రాజమండ్రిలో ఓ పాత కొట్టుకి వెళ్లాను. అద్దాల బీరువాలో వరసగా తుపాకులు. ఒంటి గొట్టానివి, రెండు గొట్టాలవి. ఒక్కొక్కటీ తీసి బరువు చూశాను. ఏది మంచిదో తెలిస్తేగా? కొట్టాయన నన్నే చూస్తూ కూర్చున్నాడు. డెబ్భై ఏళ్లుంటాయి.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండి?" అని అడిగాడు.

"ఇద్దరమేనండి."

"అయితే ముందు మంచి టార్చి కొనుక్కోండి. తలుపులకి గట్టి తాళాలు పెట్టించండి. ఓ కుక్కని పెంచండి. ఇయ్యన్నీ అయ్యేకే తుపాకీ అండి."

"మీరు అమ్మేది తుపాకులు కదండీ?"

"ఆయ్. అందుకే చెప్తన్నాను. రాజుగారూ, ఒక్కటి గుర్తెట్టుకోండి. రాత్రి చప్పుడైతే తుపాకీ ముట్టుకునే ముందు అమ్మగారెక్కడున్నారో చూసుకోండి. చీకట్లో కళ్లని నమ్మకండి, చేత్తో తడిమి చూసుకోండి. ఇంట్లో మనుషుల లెక్క తేలేకే అవతలోడి సంగతి."

చేత్తో తడిమి... ఆ మాట నా బుర్రలో నాటుకుపోయింది.

ఒకటి గురి తప్పినా రెండోది ఉంటుందని రెండు గొట్టాలదే తీసుకున్నాను. టార్చి కొన్నాను. పెరటి తలుపుకి, మూస్తే దానంతటదే పడే తాళం బిగించాం. కుక్కని మాత్రం సుభద్ర వద్దంది. "దానికి వండి పెట్టేది మళ్లీ నేనేగా" అని. తుపాకీ బీరువాలో, తూటాలు వేరే అరలో. నెల రోజులు ఏమీ జరగలేదు. సుభద్ర నిద్రపోవడం మొదలెట్టింది. పోనీలే, ఖర్చు దండగ కాలేదనుకున్నాను.

ముప్పై తొమ్మిదో రోజు...

అంతకు మూడు రోజుల ముందే మా కాపలా వెంకన్న చెల్లెలి పెళ్లికని నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ముసురు పట్టింది. గంటకోసారి కరెంటు పోవడం, నేను లేచి గట్టు మీద బురదలో పడుతూ లేస్తూ జనరేటర్ షెడ్డుకి పరుగెత్తడం. మూడు రాత్రులు కన్ను మూయలేదు. కాపలా మనిషి లేడు కదా అని తుపాకీలో రెండు తూటాలూ పెట్టి మంచం కింద ఉంచాను. అది తప్పని తెలుసు. లేచి బీరువా తీసే ఓపిక కూడా లేని స్థితి అది. నాలుగో రాత్రి అన్నం సగంలో వదిలేసి మంచం మీద పడ్డాను. అంతే, ఒళ్లు తెలియలేదు.

మెలకువ వచ్చింది.

ఎన్ని గంటలయిందో తెలియదు. చీకటి. ఫ్యాను తిరగడం లేదు. కరెంటు పోయిందన్నమాట. దూరంగా షెడ్డు వైపు నుంచి జనరేటర్ చప్పుడు... డుగ్... డుగ్... డుగ్. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. హమ్మయ్య అనుకుని మళ్లీ కళ్లు మూశాను. అది ఎవరు వేశారన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. నా నిద్ర అలాంటిది.

అప్పుడు వినిపించింది. పెరటి తలుపు దగ్గర... టక్.

కాసేపు ఏమీ లేదు. మళ్లీ... టక్... టక్. ఎవరో తలుపు పిడి తిప్పి చూస్తున్నారు.

ఆ కొట్టాయన మాట గుర్తొచ్చింది. చెయ్యి చాపాను. పక్కన సుభద్ర ఉంది. దుప్పటి కింద భుజం తగిలింది. వెచ్చగా ఉంది. ఊపిరి తీసి వదులుతుంటే నా అరచేతి కింద భుజం లేస్తోంది... దిగుతోంది. గాజులు కూడా సన్నగా కదిలాయి. పోనీలే, మనిషి ఇక్కడే ఉంది. ఇంక బయటున్నది ఎవరైనా సరే, పరాయివాడే.

తుపాకీ తీసుకున్నాను. టార్చి చంకలో పెట్టుకున్నాను. వెలిగిస్తే నేనెక్కడున్నానో వాడికి తెలిసిపోతుంది. కాళ్ల కింద గచ్చు చల్లగా ఉంది. హాలు దాటాను. వంటిల్లు దాటాను. పెరటి తలుపుకి నాలుగడుగుల దూరంలో నిలబడి గొట్టాలు దాని వైపు తిప్పాను.

"ఎవరండీ?" అన్నాను.

నవ్వకండి. చేతిలో తుపాకీ పెట్టుకుని దొంగని 'అండీ' అని పిలవడం మా జిల్లాలోనే చెల్లుతుంది.

అవతల పిడి వదిలేసిన చప్పుడు. తరవాత...

"నేనేనండి."

మన ఇళ్లల్లో తలుపు కొట్టినవాళ్లు ఎవరూ పేరు చెప్పరు. ఎవరంటే నేనే అంటారు. గొంతు పోల్చుకుని మనం తీసేస్తాం. ఆ గొంతు నేను పోల్చుకున్నాను. అది సుభద్రది.

నా అరచేతికి ఇంకా ఆ భుజం వెచ్చదనం తెలుస్తోంది.

దొంగలతో ఆడమనిషి కూడా ఉందనుకున్నాను. ఇన్నాళ్లూ చుట్టుపక్కల తిరిగి మా ఆవిడ గొంతు నేర్చుకుని వచ్చారనుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీదికి ఎప్పుడు వెళ్లిందో నాకు తెలియదు. అక్కడుందని మాత్రం తెలిసింది.

"తలుపు తియ్యండి. దోమలు పీకేస్తన్నాయి" అంది ఆ గొంతు.

"పేరేంటి?" అన్నాను.

"ఎవరి పేరండి?"

"నీ పేరు."

జనరేటర్ ఒక్కటే మోగుతోంది. చూరు నుంచి నీటి చుక్కలు పడుతున్నాయి. ఒకటి... రెండు... మూడు...

"సుభద్ర" అంది మెల్లగా. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆవిడ తన పేరు నాకు చెప్పడం అదే మొదటిసారి.

వేలు తీయబోయాను. అప్పుడే నా వెనక, పడకగదిలో... మంచం కిర్రుమంది. గాజులు గలగలమన్నాయి. మనిషి లేచి కూర్చున్న చప్పుడు...

"ఎవరండీ వచ్చింది?"

అదే గొంతు. నిద్రమత్తులో.

నేను తిరగలేదు. తిరగలేకపోయాను. ముందు తలుపు, వెనక గది, మధ్యలో నేను. చేతిలో రెండు గొట్టాల తుపాకీ. ఎటు కాల్చినా పోయేది సుభద్రేనేమో. కాల్చకుండా తలుపు తీస్తే ఏది లోపలికి వస్తుందో... తీయకపోతే ఏది లోపలే ఉండిపోతుందో. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. ఓపిక అయిపోయింది, అంతే. ఏదైతే అది అయిందిలే అనిపించింది. తుపాకీ మధ్యకి మడిచి గొట్టాల్లోంచి తూటాలు లాగేశాను. రెండూ గచ్చు మీద దొర్లుకుంటూ పోయాయి. తాళం తిప్పాను.

సుభద్ర నిలబడి ఉంది. తల తడిసిపోయింది. చేతులకి డీజిల్ మరకలు.

"మూడు రాత్రుల నుంచి పడుకోలేదని మిమ్మల్ని లేపలేదు. నేనే వెళ్లి జనరేటర్ వేసేను. మళ్లీ ఆగిపోద్దేమోనని గంటసేపు అక్కడే కూర్చున్నాను. వచ్చేసరికి తాళం పడిపోయి ఉంది..." అంటూ నా చేతి కేసి చూసి ఆగిపోయింది.

నేను టార్చి వేసుకుని పడకగదిలోకి పరుగెత్తాను. మంచం ఖాళీ. మంచం కింద చూశాను, బీరువా వెనక చూశాను. ఎవరూ లేరు. కిటికీ ఊచలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఆవిడ పడుకునే వైపు దుప్పటి కింద చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

మర్నాడే తుపాకీ తీసుకుని రాజమండ్రి వెళ్లి ఆ కొట్టులోనే ఇచ్చేశాను. "ఏంటండీ, నచ్చలేదా?" అన్నాడాయన. "బరువెక్కువగా ఉందండి" అన్నాను. ఆయన కాగితాలు రాసుకున్నాడు.

నిద్రలేమి వల్ల అంటారు డాక్టరుగారు. కావచ్చు. మూడు రాత్రులు నిద్ర లేనివాడికి లేనివి వినిపిస్తాయట. చేతికి కూడా తగులుతాయా అంటే ఆయన నవ్వి మాత్రలు రాసిచ్చారు. వేసుకుంటున్నాను. నిద్ర మాత్రం రావడం లేదు.

గదిలో వినిపించిన ఆ గొంతు సంగతి సుభద్రకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెబితే ఆవిడ ఇంక ఆ మంచం మీద పడుకుంటుందా? కాబట్టి ఆ రాత్రి గురించి ఆవిడకి తెలిసింది ఒక్కటే. తన గొంతు విని కూడా మొగుడు తలుపు తియ్యకుండా తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు.

ఈమధ్య ఓ మధ్యాహ్నం నేను హాల్లో కూర్చున్నాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సుభద్ర పెరట్లోంచి ఆరిన బట్టలు పట్టుకుని వచ్చి గడప అవతల ఆగింది. నేను ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాను.

"నేనండి... సుభద్రని" అంది. అప్పుడు లోపల అడుగు పెట్టింది. రోజూ అంతే. నేను చెప్పమనలేదు.

"ఎందుకలా చెప్తావు?" అన్నాను.

"ఊరికేనండి" అంది, బట్టలు మడతపెడుతూ. నా ముఖం కేసి చూడలేదు.