కరెంటు కాగితమని చెప్పాను

అరకు దాటాక కాఫీ తోటల మధ్య, ఎప్పుడో ఒక తెల్లదొర కట్టించుకున్న బంగ్లా ఉంది. టేకు మెట్లు, కిటికీలకు రంగు అద్దాలు, హాల్లో చలిమంట పొయ్యి. చేతులు మారి మారి అది అమ్మకానికి వచ్చినప్పుడు నాకు ఆశ పుట్టింది. ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్ళ పేరున ఇల్లూ నేలా రిజిస్టరు కావు. నేను గిరిజనుణ్ణి కాను, పార్వతీపురంవాణ్ణి. అందుకని ఆ బంగ్లాకు ఏళ్ళ తరబడి కాపలా ఉన్న గిరిజన స్త్రీ పేరున కొన్నాను. డబ్బు నాది, పేరు ఆవిడది. మా ఊళ్ళో ఇలా చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నాకది తప్పనిపించలేదు.

తర్వాత దాన్ని అతిథి గృహం చేశాం. చేశాం అంటున్నాను గాని, చేసింది ఆవిడే. నేను నెలకోసారి వెళ్ళి వరండాలో యజమానిలా కూర్చుని వచ్చేవాణ్ణి. గది అడిగినవాళ్ళను ఆవిడ ముందు అడిగేది ఒకటే: "గురక ఎవులు పెడతారు?" మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూపించుకునేవారు. "అయితే ఇద్దరూను. ఎనకగదికి ఎల్లిపోండి" అని తాళం చేతిలో పెట్టేది. నవ్వుతూ వెళ్ళేవారు. మళ్ళీ వచ్చినప్పుడు బంగ్లాను కాదు, ముందు ఆవిడను వెతుక్కునేవారు.

మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడను నేను అప్పా అనే పిలిచాను. ఆవిడ మాత్రం నన్ను ఎన్నడూ తమ్ముడనలేదు, బాబూ అనే అంది. అది గౌరవమనుకున్నాను.

నిరుడు ఒక రిసార్టు కంపెనీవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. బంగ్లా నిర్వహణంతా తమకు అప్పగించమన్నారు. పనివాళ్ళు ఎవరన్నది ఇక వాళ్ళ ఇష్టం. ఒప్పుకున్నాను. ఒప్పందం మీద సంతకం మాత్రం ఆవిడది కావాలి.

కావాలనే టిఫిన్ల వేళ చూసి వెళ్ళాను. అన్ని బల్లలూ నిండి ఉన్నాయి. పెనం మీద దోసె ఉంది, ఆవిడ చేతికి పిండి ఉంది. "కరెంటు మీటరు కాగితం అప్పా, బేగి ఒక సంతకం పెట్టు" అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి, అతిథుల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. మిషనరీల బడిలో నేర్చుకున్న చదువు. వేలు పెట్టి, పైకి, ఒక్కొక్క మాటే చదివింది. పక్కన తింటున్నాయన నమలడం ఆపేశాడు.

"ఇందుల కరెంటు మాటే నేదు, బాబూ."

కంపెనీ పేరు మీదికి వేలు జరిపింది.

"ఈల్లొచ్చేత్తే నానెక్కడికెల్లాలి?"

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదప్పా. నిన్ను వాళ్ళే ఉంచుకుంటారు."

"ఆ మాట ఇందుల ఎక్కడుంది? సూపించండి."

కాగితం మడిచి నా ముందు పెట్టి లేచింది. "పట్టా నా పేరున ఉంది. నాను సంతకం పెట్టను. దోసె మాడిపోతంది."

కొండ దిగుతున్నంతసేపూ నాకు ఒకటే ఉడుకు. నేను నిలబెట్టిన మనిషి నన్నే మోసం చేసిందని. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ చెప్పాను: పేరు వాడుకోనిచ్చి ఇల్లే కొట్టేసింది. చుట్టూ మూగి అయ్యో అన్నారు. మరుసటి వారం పాస్టరుగారు నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. "ద్రోహానికి గురైన మా సహోదరుని ఆదరించు, కొండమీది ఆ స్త్రీ మనసు మార్చు ప్రభువా" అన్నారు. నేను కళ్ళు మూసుకుని, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ఇంటికి నడుస్తుంటే నా భార్య అడిగింది: "కరెంటు కాయితమని మీరు అబద్ధమాడేరు కదా. అది ప్రార్థనలో రాలేదేటి?"

నేను చెబితే కదా రావడానికి. ఆ మాట లోపలే అనుకుని, నడక వేగం పెంచాను.

రెండు రోజులకు మళ్ళీ కొండెక్కాను. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వెళ్ళి పీటమీద కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఆవిడ నన్ను హాల్లో కూర్చోబెట్టి, అతిథులకు ఇచ్చే కప్పూ సాసరులో కాఫీ ఇచ్చింది. తప్పయిందన్నాను. ఊళ్ళో ఏం చెప్పుకున్నానో కూడా చెప్పాను. నిలబడే వింది.

"నాకాడ సెప్పీసి ఎల్లిపోతే సరిపోద్దేటి? నా మీద పార్దన సేసినోల్లు అక్కడున్నారు. ఆల్లకి సెప్పండి."

తర్వాతి ఆదివారం చర్చిలో, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను. అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకోబోయానని, బంగ్లా ఆవిడదేనని, ద్రోహం చేసింది నేనేనని చెప్పి కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. బయటికి వచ్చాక ఒక పెద్దాయన భుజం తట్టి, "అయినా సొమ్ము మీదే కదండీ, మీరు మరీ ఇదవకండి" అన్నాడు.

ఆ మాటకు నాకు ప్రాణం తేలికపడింది. బంగ్లా ఆవిడదేనని అప్పటికి పది నిమిషాల కిందటే అందరి ముందూ ఒప్పుకుని వచ్చాను. అయినా తేలికపడింది. ఆయనకు కాదని చెప్పకుండా, తల ఊపి ఇంటికి వచ్చేశాను.